రాకాసి బొక్కల సత్తవ్వ

ఎర్రవాగుపల్లిలో బస్సు దిగి సత్తవ్వ ఇల్లెక్కడని అడిగితే, "ఏ సత్తవ్వ? రాకాసి బొక్కల సత్తవ్వనా?" అని తిరిగి మనల్నే అడుగుతారు. బొక్కలంటే ఇక్కడి మాటలో ఎముకలు. ఊళ్లో సత్తవ్వలు నలుగురున్నారు. ఒకామెది కిరాణా కొట్టు. ఇంకొకామె కొడుకు మస్కట్‌లో ఉంటాడు. మూడో ఆమె పాత వార్డు మెంబరు. నాలుగో ఆమెది చర్చి వెనక రేకుల ఇల్లు, వాకిట్లో పదకొండు మేకలు, పత్తి కౌలు చేసే మొగుడు అహరోను, కరీంనగర్‌లో నర్సు పని చేసే కూతురు ఆరాధన. ఆమె గురించే ఇక్కడ చెప్పబోయేది. ఇందులో చాలా భాగం నేను ఆమె నోటనే విన్నాను. మిగతాది మమతారాణి చెప్పింది.

సత్తవ్వ పుట్టిల్లు ధర్మపురి అవతల. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివింది. బైబిలు కూడబలుక్కుని చదవగలదు, సంతకం పెట్టగలదు. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో అత్త ఆమెను ఊరికి ఉత్తరాన ఉన్న ఎర్రనేల దగ్గరికి తీసుకెళ్లింది. లక్ష్మీరాజం పటేల్ వాళ్ల పదకొండెకరాలు అది. వానలు కోసి కోసి ఆ నేలంతా ఒర్రెలు పడి ఉంటుంది. ఒక్కో ఒర్రె రెండు నిలువుల లోతు. పంట పండదు, తుమ్మ మొక్కలూ గడ్డీ మొలుస్తాయి.

"మేకలను ఇటు తోలుకరా, మంచి మేత" అని చెప్పింది అత్త. "కానీ గీడ బొక్కలు కనవడ్తయి. రాయి లెక్క గట్టిగుంటయి. రాకాసులవి. ముట్టకు, ఇంటికి తేకు."

సత్తవ్వ ముట్టలేదు. ఇరవై ఏళ్లపాటు వాటిని దాటుకుంటూనే మేకలను కాసింది.

2012 చలికాలంలో ఒక జీపు వచ్చి ఆ నేల పక్కన ఆగింది. అందులోంచి దిగిన పిల్లకు ఇరవై నాలుగేళ్లు. పేరు మమతారాణి. చొప్పదండిలో వ్యవసాయం చేసుకునే వాళ్ల బిడ్డ. హైదరాబాదులో ఉంటూ, అంతరించిపోయిన జంతువుల మీద పరిశోధన చేస్తోంది. నీళ్లు మోయడానికి, మట్టి జల్లెడ పట్టడానికి నలుగురు ఆడవాళ్లు కావాలంది. సత్తవ్వ వెళ్లింది. మొదటిరోజే మమతారాణి రెండు ఎర్రటి ముక్కలు ఆమె అరచేతిలో పెట్టింది.

"చిన్నమ్మా, ఇండ్ల రాయి ఏది, బొక్క ఏది?"

"నాకేం ఎర్క బిడ్డా? రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి."

మమతారాణి ఒక ముక్క తీసుకుని నాలుకకు ఆనించింది. కూలికి వచ్చిన ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. "నవ్వకున్రి" అంటూ తనూ నవ్వింది ఆ పిల్ల. "బొక్కల సన్న సన్న రంధ్రాలుంటయి. తడిని గుంజుతది. నాలుకకు అంటుకుంటే బొక్క, జారిపోతే రాయి."

సత్తవ్వ కళ్లు మూసుకుని నాలుక చాచింది. ముక్క అంటుకుపోయింది. "పట్టుకున్నది బిడ్డా! ఇడుస్తలేదు!" అని అరిచింది. అత్త మాట దాటింది ఆ రోజే.

పది రోజుల్లో సత్తవ్వ కనిపెట్టినన్ని ఎముకలు చదువుకున్న పిల్లలు కూడా కనిపెట్టలేదు. అందులో వింతేమీ లేదు. ముల్లు, పాము, మేక అడుగు, ఇవి చూసుకుంటూ నేల మీదే కళ్లు పెట్టి నడిచిన మనిషి ఆమె. మమతారాణి చెప్పిన నియమాలు మాత్రం ఆమెకు కొత్త. కనిపించింది కదా అని గుంజకూడదు. పైన మట్టి కప్పాలి, పక్కన కట్టె పాతాలి, ఎక్కడ ఏ మట్టిలో ఉందో గుర్తుపెట్టుకోవాలి, ఫోన్ చేయాలి. ఈ నాలుగింటినీ సత్తవ్వ ప్రార్థన నేర్చుకున్నట్టు నేర్చుకుంది.

ఆ తర్వాత మమతారాణి ఏటా చలికాలంలో వచ్చేది. సత్తవ్వకు జంతువులు పరిచయమయ్యాయి. ముక్కు చిలుకలా వంగి, దుంపలూ ఆకులూ తిని బతికిన బొద్దు జంతువు ఒకటి. దానికి ఆమె 'చిలుక మూతిది' అని పేరు పెట్టుకుంది. పొడుగు మూతితో నీళ్లలో పొంచి ఉండేది 'మొసలి మూతిది'. ఆ నేలలో దొరికేవి ఎక్కువగా ఈ రెండే.

2016 ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. అది వెలిసిన మర్నాడు ఉత్తరం ఒర్రెలో మేకను అదిలిస్తూ సత్తవ్వ ఆగిపోయింది. తడి మట్టిలో నల్లగా, నిగనిగలాడుతూ, చిటికెన వేలంత పొడవున ఒకటి కనిపించింది. వెనక్కి వంగి ఉంది. అంచు మీద గోరు ఆనించి చూస్తే గరగరలాడింది. మట్టి కప్పి, కట్టె పాతి, ఇంటికి వచ్చి ఫోన్ చేయించింది. మూడో రోజు మమతారాణి వచ్చింది.

భూతద్దంలో చూస్తున్న ఆ పిల్ల ఎంతకీ తల ఎత్తకపోవడంతో సత్తవ్వే అంది:

"గిది గడ్డి తినేది కాదు బిడ్డా. కొడవలికి కక్కులు పెట్టినట్టున్నది."

"అవు చిన్నమ్మా. మాంసం కోసుకొని తినే పల్లు గిది."

"ఏ జంతువుది?"

మమతారాణి ఒర్రె ఒడ్డున కూర్చుని చెప్పింది. ఇరవై రెండు కోట్ల ఏళ్ల కిందట ఇక్కడంతా మెల్లగా పారే నదులు. అప్పటికి రాక్షసబల్లులు ఇంకా కొత్తగా పుట్టుకొస్తున్నాయి. వాటిలో రెండు కాళ్ల మీద పరుగెత్తి వేటాడే ఒక కుటుంబం ఉండేది. ముందు చేతులకు పొడుగాటి గోళ్లు, నోటి నిండా ఇలాంటి పళ్లు. కొన్ని కుక్క కన్నా కాస్త పెద్దవి, కొన్ని ఎడ్లబండి కన్నా పొడవైనవి. వేటాడే రాక్షసబల్లుల్లో చాలా పాత కుటుంబం అది. మన గోదావరి లోయలో ఆ కుటుంబానివని చెప్పుకోదగ్గ ఎముకలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా దొరకలేదు.

"ఆ కుటుంబానికి పేరున్నదా?"

"హెర్రెరాసారిడే అంటరు. అర్జెంటీనా అని సముద్రాలవతల ఒక దేశం ఉన్నది. ఆడ హెర్రెరా అని ఒకాయనకు మొదలు కనవడ్డయట ఆ బొక్కలు. ఆయన పేరే పెట్టిన్రు."

"పెద్ద సదువు సదివినాయననా?"

"కాదు చిన్నమ్మా. మేకల కాపరి."

సత్తవ్వ తల తిప్పి చూసింది. ఎదురుగా మేకలు తుమ్మకాయలు నములుతున్నాయి. ఆమె అడిగిన మాట ఒక్కటే.

"మరి మిగిలిన బొక్కలు ఏడున్నట్టు?"

అదే ఎవరికీ తెలియదు. ఒక్క పంటితో ఏ కుటుంబమో తేల్చలేమని మమతారాణి చెప్పింది. అప్పటి మొసలి జాతి మృగాలు కొన్నింటికి కూడా ఇలాంటి పళ్లే ఉండేవట. తేలాలంటే నడుము ఎముకలు దొరకాలి. కట్టెపుల్లతో నేల మీద బొమ్మ గీసి చూపించింది. తొడ ఎముక వచ్చి కూర్చునే చోట గుండ్రటి బెజ్జం. దాని ముందు నుంచి కిందికి దిగే ఎముక, చివర్లో బూటు తొడిగినట్టు వెడల్పు.

"బూటు లెక్క" అని సత్తవ్వ రెండుసార్లు అనుకుంది.

ఆ చలికాలంతో మమతారాణి పని ముగిసింది. ఆమెకు దూరంగా ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. తర్వాత కరోనా వచ్చింది. ఎర్రవాగుపల్లికి మళ్లీ జీపు రాలేదు. సత్తవ్వ మాత్రం మానలేదు. వాన వెలిస్తే చాలు, మట్టి ఆరకముందే ఒర్రెలోకి దిగేది. ఎండినాక ఎర్రమట్టి బీటలు వారి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తడి మీద ఉన్నప్పుడే ఎముక రంగు వేరుగా తేలుతుందని ఆమె పట్టుకుంది. ఐదు వానకాలాలు అలాగే తిరిగింది. చిలుక మూతివి దొరికాయి, మొసలి మూతివి దొరికాయి. అన్నింటికీ మట్టి కప్పి, కట్టెలు పాతి వచ్చింది. బూటు ఎముక దొరకలేదు.

'రాకాసి బొక్కల సత్తవ్వ' అని ఊరు పేరు పెట్టింది అప్పుడే. వాన పడుతుంటే చాలు, "నీ చుట్టాలు లేసి వస్తున్నరట, పోలేదా?" అని పత్తి చేలల్లో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. 2019లో ఒర్రెలో జారిపడి కుడిచేతి మణికట్టు విరిగింది. మంచిర్యాలలో కట్టు వేయించుకుని వచ్చింది. ఆ కట్టుకు పాలిథిన్ సంచి చుట్టుకుని తర్వాతి వానకు మళ్లీ దిగింది. అహరోనుకు ఆ రోజు నిజంగానే కోపం వచ్చింది.

"సత్తీ, నీకు జర అన్న సోయి ఉన్నదా? గా బొక్క దొరికితే మనకేమొస్తది?"

"ఏమి రాదు."

"మరి?"

"పల్లు దొరికె. దాని మిగిలిన ఒళ్లు ఏడ వోయిందో ఎర్క కావాలె. మన మేక తప్పిపోతే తప్పిపోయిందని పండుకుంటమా?"

 

2022 ఏప్రిల్‌లో అసలు చిక్కు వచ్చి పడింది. లక్ష్మీరాజం కొడుకు దుబాయి నుంచి వచ్చేశాడు. ఒర్రెలన్నీ పూడ్చి, నేల చదును చేసి, వానకాలానికి పత్తి పెట్టాలని తండ్రీకొడుకులు నిర్ణయించుకున్నారు. మే మొదట్లో డోజర్ వస్తుందని ఊరంతటికీ తెలిసింది. సత్తవ్వ పొద్దున్నే లక్ష్మీరాజం ఇంటికి వెళ్లి అరుగు ముందు నిలబడింది.

"ఏందే సత్తవ్వా, బొక్కల ముచ్చటనేనా?" అన్నాడాయన. అరవై దాటిన మనిషి, మాట గట్టిగా ఉన్నా మనసులో కుళ్లు లేనివాడు. "పదకొండెకరాలు నీ రాకాసుల కొరకు గట్లనే పడి ఉండాల్నా?"

"వద్దంటలేను పటేలా. నీ భూమి, నువ్వు సాఫ్ చేసుకుంటవ్. డోజర్ దక్షిణం దిక్కు నుంచి మొదలు పెట్టమను. ఉత్తరం ఒర్రె ఆఖరుకు పెట్టుకో. గంతే."

"మొత్తం తొమ్మిది దినాల పని అన్నడు డ్రైవరు."

"నాకు తొమ్మిదొద్దులు చాలు."

"ఆరేండ్ల సంది దొరకంది తొమ్మిదొద్దులల్ల దొరుకుతదా?"

"దొరకకపోతే నీకేం నష్టం లేదు గద."

లక్ష్మీరాజం ఆమెను ఎగాదిగా చూశాడు. "డోజర్ గాడికి వచ్చిన్నాడు నువ్వు పక్కకు జరుగాలె. లొల్లి చెయ్యొద్దు. మాటిస్తవా?"

"ఇస్తున్న."

వాన లేదు, వచ్చే సూచన లేదు. ఇన్నేళ్లూ వాన కడిగి బయటపెట్టిన దాన్ని వెతికింది. ఇప్పుడు తనే కడగాలి. ఎక్కడని? డోజర్ దక్షిణం దిక్కున దిగిన మొదటిరోజంతా సత్తవ్వ కలుపు తీసే కుర్పి పట్టుకోలేదు. పన్ను దొరికిన చోట కూర్చుని మట్టి చేతిలోకి తీసుకుని చూసింది. చింతగింజలంత సున్నపు గుండ్లు అక్కడ రాలి ఉన్నాయి. వాటిని ఆమె ఇదివరకు చూసింది గాని పట్టించుకోలేదు. ఒర్రెలో పైకి నడుస్తూ ఆ గుండ్లనే చూసుకుంటూ పోయింది. వంపు దాకా ఉన్నాయి. వంపు దాటాక ఒక్కటి లేదు. వెనక్కి వచ్చింది, మళ్లీ పైకి పోయింది, మూడుసార్లు చూసింది. గుండ్లు వంపు దగ్గరి గట్టులోంచి రాలుతున్నాయి. పన్నును కూడా వాన అక్కడి నుంచే తెచ్చి ఉండాలి.

రెండో రోజు నుంచి గట్టును కుర్పితో గీకడం మొదలుపెట్టింది. ఒక జానెడు మేర గీకి, చీపురుతో ఊడ్చి, చూసి, పక్క జానెడు. తెల్లవారగానే దిగి పది గంటల దాకా, మళ్లీ ఎండ వంగినాక. మే నెల ఎండకు మట్టి ఇటుకలా ఉంది. విరిగి అతికిన మణికట్టు మూడో రోజుకు వాచింది, కుర్పి ఎడమచేతికి మార్చుకుంది. దక్షిణం వైపు నుంచి డోజర్ చప్పుడు రోజురోజుకూ దగ్గరవుతోంది.

నాలుగో రోజు అహరోను వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. నాలుగు కట్టెలు పాతి, పాత చీర కట్టి గట్టుకు నీడ చేశాడు. నీళ్ల బిందె పెట్టి, మేకలను తనే తోలుకుపోయాడు.

ఆరో రోజు సాయంత్రం కుర్పి చప్పుడు మారింది. సత్తవ్వ ఆగి, చీపురుతో మెల్లగా ఊడ్చింది. గోధుమరంగు అంచు కనిపించింది. ముఖం గట్టుకు ఆనించి నాలుకతో తాకింది. అంటుకుంది.  తర్వాత వేలెడు వేలెడుగా మట్టి తీసింది. అంచు వంగి సగం గుండ్రంగా తిరిగింది. దాని ముందు నుంచి ఒక ఎముక కిందికి దిగింది. చివర వెడల్పయింది.

"ప్రభువా, ఇది నా కండ్లు చేస్తున్న మోసం కాదు గద" అంది పైకే. తర్వాత ఫోన్ చేసింది.

"బిడ్డా, నేను సత్తవ్వను. బూటు కనవడ్డది."

 ఆరేళ్లయినా ఏ బూటు అని మమతారాణి అడగలేదు. "ముట్టకు చిన్నమ్మా. మట్టి కప్పు. పొద్దటి బండికి వస్తున్న" అంది.

మమతారాణి ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని, విరిగిన ఎముకకు కట్టు వేసే పీఓపీ పిండి సంచులూ గోనెపట్టలూ మోసుకుని మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. నడుము ఎముకలతో పాటు తొడ ఎముక పైభాగం, వెన్నుపూసలు కొన్ని గట్టులో కలిసి ఉన్నాయి. ఊరికే లాగితే పిండి అయిపోతాయి. చుట్టూ మట్టి తవ్వి, మట్టితో సహా గోనెపట్ట చుట్టి, పీఓపీ పట్టించి, గట్టిపడ్డాక ఎత్తాలి. ఎంత తొందరపడినా నాలుగైదు రోజుల పని.

తొమ్మిదో రోజు డోజర్ ఒర్రె ఒడ్డుకు వచ్చింది. వెనకాలే లక్ష్మీరాజం వచ్చాడు. మమతారాణి లేచి బతిమాలబోయింది. సత్తవ్వ ఆమె చేయి పట్టి ఆపింది.

"పటేలా, తొమ్మిదొద్దులు అయినయి. మాట ఇచ్చిన, తప్పను. కానీ ఒక్కసారి కిందికి దిగి చూసి పో. తర్వాత నీ ఇష్టం."

లక్ష్మీరాజం పంచె ఎగ్గట్టి దిగాడు. గట్టు ముందు వంగి చూశాడు. సత్తవ్వ వేలితో ఒక్కొక్కటే చూపించింది. ఇది తొడ కూర్చునే బెజ్జం, ఇది తుంటి, ఇది బూటు. మీ తాత పుట్టకముందు, గోదారి పుట్టకముందు ఇక్కడ పరుగెత్తిన వేటమృగం. లక్ష్మీరాజం గట్టు కిందే కూర్చున్నాడు.

"గిది నా భూమిలనే ఉన్నదా, ఇన్నేండ్ల సంది?"

"నీ భూమిలనే."

"నేను దీని మీదికెల్లి ఎన్నిసార్లు నడిచినో" అన్నాడు. లేచి డ్రైవరుతో, "నాలుగొద్దులు అవతల బాయి కాడ పని చూసుకో పో" అన్నాడు. ఆ తర్వాత ఐదో రోజు పీఓపీ దిమ్మెను ఒర్రెలోంచి పైకి లాగడానికి ఆయన ట్రాక్టరే వచ్చింది. కొడుకు నడిపాడు, తండ్రి ముందు నడుస్తూ రాళ్లు తీశాడు. ఆ హడావుడిలో చుట్టుపక్కల దొరికిన విడి ముక్కలన్నీ తలా ఇన్ని ఏరి సంచుల్లో వేశారు. మరునాడే డోజర్ ఉత్తరం ఒర్రెను పూడ్చేసింది. సత్తవ్వ ఒడ్డున నిలబడి చూసింది. ఏడ్చావా అని నేను అడిగాను. "ఎందుకు ఏడుస్త? దాన్ని తీసినంక గద పూడ్చిన్రు" అంది.

ఎముకల చుట్టూ ఉన్న మట్టిని సూదులతో, కుంచెలతో తీసి శుభ్రం చేయడానికి ఏడాది పట్టింది. 2023 చివర్లో మమతారాణి ఫోన్ చేసి, చూడడానికి రమ్మంది. సత్తవ్వ మంచిర్యాలలో రైలెక్కి ఒక్కతే వెళ్లింది. హైదరాబాదులో మమతారాణి ఇదివరకు పరిశోధన చేసిన చోట, ఎముకలు పెట్టిన గదిలో పెద్ద బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి ఉంది. కానీ మమతారాణి ముఖంలో కళ లేదు.

"ఏమైంది బిడ్డా?"

"తేలలేదు చిన్నమ్మా. దీని మీద నేను పత్రికకు రాసి పంపిన కాగితం వాపస్ పంపిన్రు ఆడి పెద్దవాళ్లు. వాళ్లు అన్నది సరే అనిపిస్తున్నది."

విషయం ఇది. వెన్నులో తుంటి ఎముకలకు అతుక్కుని ఉండే పూసలు చాలా రాక్షసబల్లులకు మూడో అంతకన్నా ఎక్కువో ఉంటాయి. ఈ పాత వేటగాళ్ల కుటుంబానికి రెండే. బల్ల మీద మూడు ఉన్నాయి. మూడోది పగిలి ఉన్నా సైజు సరిపోతోంది. అందుకే ఇది ఆ కుటుంబానిది కాదని, మరేదో అని వాళ్ల మాట.

"నేను ముట్టొచ్చునా?" అని అడిగింది సత్తవ్వ.

"నువ్వు ముట్టకపోతే ఎవలు ముట్టాలె?"

సత్తవ్వ చేతులు చీర కొంగుకు తుడుచుకుని ఒక్కొక్కటే ఎత్తి చూసింది. ఏడాదిన్నరగా ఆ ఎముకలతోనే గడిపిన మమతారాణి కిటికీ దగ్గర నిలబడి ఉంది. మూడో పూస దగ్గర సత్తవ్వ ఆగింది. వెలుతురుకు తిప్పింది. లోపలి పగులులో మిగిలిన మట్టిని వేలి కొనతో తాకి, రెండు వేళ్ల మధ్య నలిపింది.

"గిది నా గట్టుది కాదు."

"ఏంది?"

"నా గట్టు మట్టి పిండి లెక్క ఉంటది. ఐదొద్దులు గీకిన, నాకు ఎర్కలేదా? గిండ్ల పసుపు ఇసుక ఉన్నది చూడు. గీ ఇసుక కింద వాగు కాడ దప్ప ఏడ లేదు."

మమతారాణి బల్ల దగ్గరికి పరుగున వచ్చింది. ఆమె నోరు తెరిచేలోపే సత్తవ్వ మొగుడికి ఫోన్ కలిపింది.

"ఏమయ్యా, ఆఖరి రోజు సంచిల నువ్వేమన్న ఏసినవా?"

"ఏసిన. వాగు కాడ కాళ్లు కడుగుతుంటే ఒక బొక్క దొరికింది. మీకు అక్కెరకొస్తదని ఏసిన. ఏం?"

"చెప్పకపోతివి?"

"నువ్వు అడుగకపోతివి!"

మమతారాణి నవ్వుతుందో ఏడుస్తుందో తెలియకుండా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. సత్తవ్వ మాటను నమ్మి ఊరుకోలేదు, పరీక్షకు పెట్టింది. ఆ పగులులోని మట్టిని, మిగతా ఎముకల మట్టిని సూక్ష్మదర్శిని కింద పెట్టి పోల్చింది. ఎర్రవాగుపల్లికి వచ్చి వాగు ఇసుక తీసుకెళ్లింది. తుంటి ఎముక లోపలి వైపున పూసలు అతుక్కున్న గుర్తుల్ని మళ్లీ కొలిచింది. గుర్తులు రెండే ఉన్నాయి. మూడో పూస వేరే జంతువుది, వేరే చోటిది. కాగితం మొత్తం తిరగరాసి పంపింది. ఏడు నెలల తర్వాత ఒప్పుకున్నట్టు జవాబు వచ్చింది. బూటు ఎముక, బెజ్జం, రెండు పూసలు, అన్నీ కలిపి అది ఆ వేటగాళ్ల కుటుంబంలోదే. ఇంతకుముందు ఎవరూ చూడని కొత్త జంతువా, తెలిసినదేనా అన్నది మాత్రం తల దొరికితే గాని చెప్పలేమని కూడా మమతారాణి అందులో నిజాయితీగా రాసింది.

అచ్చుకు ముందు ఆమె ఫోన్ చేసింది. "చిన్నమ్మా, కనుక్కున్నది నువ్వని రాస్తున్న. పేరు ఎట్ల రాయాలె?"

"సత్తవ్వ, ఎర్రవాగుపల్లి అని రాయి. పక్కన అహరోను పేరు గూడ పెట్టు."

"ఆయన వేరే బొక్క ఏసిండు గద!"

"ఏసిండు. ఎండల నీడ కట్టింది గూడ ఆయననే."

అచ్చయిన కాగితంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆరాధన దాన్ని ఫోనులో చూపిస్తే, తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కడుందో సత్తవ్వ గుర్తుపట్టలేకపోయింది. కూతురు వేలు పెట్టి చూపించాక ఆ గీతల్ని చాలాసేపు చూసి, "పొడుగ్గనే ఉన్నది" అంది.

ఇప్పుడు ఆ పదకొండెకరాల్లో పత్తి. ఒర్రెలు లేవు. కానీ వాగు అవతలి ఒడ్డున ఇంకో రైతు బీడులో అదే ఎర్రమట్టి, అవే సున్నపు గుండ్లు బయటపడ్డాయి. సత్తవ్వ ఆ రైతును అడిగి ఒప్పించుకుంది. అప్పట్లో నవ్విన వాళ్లలో పోశవ్వ, కోమల ఇద్దరూ ఇప్పుడు ఆమె వెంట వస్తున్నారు. వాళ్లకు నాలుక పరీక్ష, మట్టి కప్పడం, కట్టె పాతడం ఆమే నేర్పింది. ఇప్పటిదాకా అక్కడ దొరికినవి మూడు, మూడూ చిలుక మూతివే. అలాంటి వేటమృగం తల కోసం ఆమె చూస్తోంది.

పోయిన జులైలో నేను వెళ్లినప్పుడు మధ్యాహ్నం దాకా వాన పడి అప్పుడే వెలిసింది. సత్తవ్వ నడుముకు కొంగు చుట్టి, కుర్పి, చీపురు తీసుకుని బయలుదేరుతోంది. చాయ్ తాగుదామంటే ఆగలేదు.

"వచ్చినంక తాగుదం. మట్టి ఆరితే పని కాదు" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నువ్వు గూడ వస్తవా? వస్తే ఆ బూట్లు ఇప్పి రా. ఒర్రెల జారుతది."

నేను బూట్లు విప్పి ఆమె వెనక నడిచాను.